కంద దగ్గర పెట్టిన చాకు

ఈ ఏడు ఎండాకాలంలో ఒక గృహప్రవేశానికి మిర్యాలగూడ వెళ్ళాను. భోజనాలయ్యాక బస్సుకు ఇంకా సమయం ఉందని, అన్నపూర్ణమ్మ పిన్నిని చూసి వద్దామని బయలుదేరాను. పిన్ని మాకు చుట్టం కాదు. నా చిన్నతనంలో సూర్యాపేటలో మా పక్కింట్లో ఉండేది. వాళ్ళాయన రైసుమిల్లులో మెకానిక్కు. గోదావరి వైపు నుంచి పనికోసం వచ్చి, మా పక్కన ఆరేడేళ్ళు ఉండి, తర్వాత మిర్యాలగూడ మిల్లులకు మారిపోయారు. ఇప్పుడు ఆమెకు ఎనభై దాటాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పళ్ళెంలో రెండు బత్తాయిలు పెట్టి, "నువ్వే కోసుకో సుగుణా, నా వేళ్ళు ఒణుకుతున్నాయి" అంటూ పళ్ళెం అంచున ఒక మడత చాకు పెట్టింది. పిడి మీద బొటనవేలు ఆనేచోట ఒక గుంట ఉంది. నా వేలు అందులోకి తనంతట తానే వెళ్ళి కూర్చుంది. తిప్పి చూశాను. కొమ్ము పిడి మీద, సగం అరిగిపోయి, "రా" అన్న అక్షరం. అది మా నాయిన రామచంద్రం చాకు. నా పదకొండో ఏట పోయిన చాకు. ఆ చాకు పోగొట్టానని, పోగొట్టి అబద్ధమాడానని మా ఇంట్లో నాకు పడిన పేరు ఇప్పటికీ అలాగే ఉంది.

"ఈ చాకు మీ దగ్గరికెట్ల వచ్చింది పిన్నీ" అని అడిగాను.

"మీ ఇంటిదేగా. ఎప్పటిదో" అంది ఆమె, ఏదో గరిట గురించి అడిగినట్టు.

మా నాయిన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. స్తంభం ఎక్కే మనిషికి ప్లాసూ టెస్టరూ ఆఫీసు వాళ్ళిస్తారు. చాకు మాత్రం ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి. నాయిన తన చాకును మా ఊరి పక్కన జరిగే గట్టు జాతరలో ఒక కమ్మరి దగ్గర, మూడు చాకులు విప్పి మూసి, చెవి దగ్గర పెట్టుకుని మడత చప్పుడు విని కొన్నాడట. దానితో తీగ మీది రబ్బరు గీకేవాడు. అదే చాకుతో సాయంత్రం ఇంటికొచ్చి బత్తాయి తొక్క ఒక్క పేగులాగా తెగకుండా తీసేవాడు, మా పెన్సిళ్ళు చెక్కేవాడు, గోళ్ళు తీసుకునేవాడు, ఉత్తరాలు చింపేవాడు. పెళ్ళిళ్ళకు పోయినా అది లాల్చీ జేబులో ఉండాల్సిందే. ఒకసారి మా అమ్మ, "పెండ్లికి కత్తులెందుకు, చూసినోళ్ళు ఏమనుకుంటరు" అంటే, "జేబుల చాకు లేకుంటే చెప్పులు లేకుండ నడిచినట్టుంటది" అన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున దాన్ని శుభ్రం చేసే పని నాది. అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి మడతలోని మురికి తీయాలి, రెండు చుక్కల కొబ్బరినూనె వేయాలి, ఇటుకపొడితో మెరుగుపెట్టి పాత ధోవతి ముక్కతో తుడవాలి. కొబ్బరినూనె, బత్తాయి తొక్క, ఇనుము కలిసిన ఆ వాసన ఆదివారమంతా నా వేళ్ళకు ఉండేది. ఇంట్లో మా తమ్ముడున్నాడు, మగపిల్లవాడు, అడుగుతూనే ఉండేవాడు. నాయిన ఇవ్వలేదు. "బిడ్డ చెయ్యి నిదానం" అనేవాడు. నాయిన నన్ను మెచ్చుకున్న మాట నాకు తెలిసి అదొక్కటే. అందుకే దాన్ని ఇంతగా పట్టుకుని ఉన్నాను.

మా మామ, అంటే నాయిన పెద్దక్క భర్త, కోదాడలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. ఆయన పుట్టింది అటు కృష్ణా జిల్లాలో. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం కొట్టు మూసి, మునగాల మీదుగా వచ్చే బస్సు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. వచ్చాడంటే ఆయనకూ నాయినకూ తిండి పేర్ల మీద తగువు మొదలయ్యేది. పళ్ళెంలో ఏది పడితే దాని మీద తగువే. నాయిన ఉల్లిగడ్డ అంటే మామ ఉల్లిపాయ అనేవాడు. మేం పల్లీలంటే ఆయన వేరుశెనగలనేవాడు. పండుగకు అమ్మ పోలెలు చేస్తే, మేం బొబ్బట్లు అనేదాకా మామ ముట్టేవాడు కాదు. మామ పోలెలు అనేదాకా నాయిన రెండోది వెయ్యనిచ్చేవాడు కాదు.

"ఆలుగడ్డ ఏమిటయ్యా, బంగాళాదుంప అనలేవూ" అనేవాడు మామ.

"దుంప అంటే తిట్టు గద బావా. దుంప తెగ అంటరు గద మీ దిక్కు. మీరు తిట్లు వండుకొని తింటరా?"

"మరి గడ్డంటే మాకు సెగ్గడ్డ. మీరు కురుపులు కోసుకు తింటారా రామచంద్రం?"

ఇద్దరూ పొలమారేదాకా నవ్వేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం. మా అమ్మ మాత్రం నవ్వేది కాదు. కోదాడ మనుషులు ఏ మాటన్నా అందులో తన వంట మీద ఒక పోటు ఉంటుందని ఆమె అనుమానం. అనుమానం మా ఇంట్లో అమ్మ వైపు నుంచి వచ్చిందే. నాకు ఊరికే రాలేదు.

ఒక చలికాలం అమ్మ కందగడ్డలు ఉడకబెట్టి పెట్టింది. ఎర్రతొక్కవి, తియ్యటివి. మామ ఒకటి తీసుకుని, "చిలగడదుంపలు బాగున్నాయి చెల్లెమ్మా" అన్నాడు. నాయిన, "కందగడ్డలు" అని దిద్దాడు. మామ చేతిలోది కింద పెట్టాడు. "కందంటే ఇది కాదయ్యా. కందంటే ఇంతుంటుంది, ఏనుగు పాదమంత. కోస్తే లోపల పసుపు. మళ్ళీ వచ్చేటప్పుడు తెచ్చి నీ ముందు పెడతా, అప్పుడు మాట్లాడు" అన్నాడు.

అన్నట్టే తర్వాతి రాకకు ఒక గోనెసంచిలో ఆ కందను మోసుకొచ్చాడు. ఆ ఉదయం నేను అరుగు మీద చాకు తుడుస్తున్నాను. "అమ్మాయ్, అదిలా తే" అన్నాడు. ఉప్పూ కారంలాగే చాకును కూడా చేతిలోంచి చేతికి ఇవ్వకూడదని మా ఇంట్లో పట్టింపు; కింద పెట్టాను, తీసుకున్నాడు. మట్టి కొట్టుకుపోయి, బుడిపెలతో, చూడటానికే దురదపుట్టేలా ఉందా కంద. ఒక చెక్క కోసి నాయిన ముందు పెట్టాడు. నాయిన ఒకసారి చూసి, "గిది కంద అయితే కావచ్చు మీ తాన. ఈ ఇంట్ల కంద అంటే కందగడ్డనే. తీర్పయిపోయింది" అన్నాడు. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. నాయిన మాట అంటే నాకు అంత. ఆ రోజు నుంచి ఎవరెన్ని చెప్పినా నా చెవికి కంద అంటే ఎర్రతొక్కదే.

మధ్యాహ్నం మగవాళ్ళు నిద్రపోయారు. నేను స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. సాయంత్రం మామ బస్సుకు బయలుదేరుతూ చెప్పులేసుకుంటూ నాతో, "చాకు కంద దగ్గర పెట్టానమ్మాయ్, తీసుకో" అన్నాడు. సరేనన్నాను. తర్వాత తీసుకుందాంలే అని ఆడుకున్నాను. ఆ ఒక్క నిర్లక్ష్యం నాదే. ఒప్పుకుంటున్నాను.

సోమవారం పొద్దున నాయిన డ్యూటీ చొక్కా వేసుకుని చేయి చాచాడు. నేను వంటింటి మూలన కందగడ్డల బుట్టలో చూశాను. లేదు. నాయిన వచ్చి బుట్ట బోర్లించాడు. గడ్డలన్నీ దొర్లిపోయాయి. లేదు.

"ఎవలకిచ్చినవ్?"

"మామకిచ్చిన. కందగడ్డల బుట్టల పెట్టిన్నన్నడు."

ఈ మాటను నేను ఈ మధ్య ఎన్నిసార్లు తిరగేసుకున్నానో. మామ అన్నది కంద. నేను నాయినకు చెప్పింది కందగడ్డల బుట్ట. పరాయి మాటను మా ఇంటి మాటలోకి మార్చి చెప్పాను, మార్చానని నాకే తెలియదు. నాయిన, మామ వచ్చినప్పుడు అడుగుదామన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. దొర్లిన గడ్డలను ఏరడానికి కూడా వంగలేదు. అది ఆ రోజే నాకు వింతగా అనిపించింది.

నెల తర్వాత మామ వచ్చాడు. నాయిన అన్నం ముందు కూర్చోకముందే అడిగాడు. "బావా, చాకు కందగడ్డల బుట్టల పెట్టిన్నన్నవట. లేదు."

"బుట్టలో కాదయ్యా, కంద..." అని మొదలుపెట్టి మామ ఆగిపోయాడు. మా అమ్మ చేతిలో గిన్నెతో గుమ్మంలో ఉంది. ఆయన ఆమె వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. మెల్లగా, "ఆ, జ్ఞాపకమొచ్చింది. తిరిగి పిల్ల చేతికే ఇచ్చేశానయ్యా. బస్సెక్కే ముందు" అన్నాడు.

"నాకియ్యలే" అన్నాను.

"ఇచ్చానమ్మా. ఆటలో పడి మర్చిపోయుంటావు."

నాయిన నన్ను కొట్టలేదు. కొడితే మరో రకంగా ఉండేదేమో. "పెద్దమనిషి అబద్ధమాడుతడా" అని ఒక్క మాట అన్నాడు. తర్వాతి నెల కొత్త చాకు కొన్నాడు. ఆదివారం పొద్దున దాన్ని, నూనె సీసాను, గుడ్డను తీసుకెళ్ళి తమ్ముడి ముందు పెట్టాడు. నేను అరుగు ఆ చివర కూర్చుని చూశాను. వాడు మడతలో నూనె ఎక్కువ పోసి అంతా జిడ్డు చేశాడు. నాయిన ఏమీ అనలేదు. నాయిన బతికినన్నాళ్ళూ మళ్ళీ ఏ విలువైన వస్తువూ నా చేతికి ఇవ్వలేదని నా లెక్క. ఉద్యోగంలో చేరాక కూడా, నేను ఏదైనా చెబితే, "నిజమేనా" అని ఒకసారి తమ్ముణ్ణి అడిగేవాడు. అది ఆయన అలవాటని అందరూ అంటారు. అలవాటు ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు.

అప్పటి నుంచి మామ మీద నాకు గట్టి అనుమానం. చాకు ఆయనే దాచుకున్నాడనుకున్నాను. కోదాడ వెళ్ళినప్పుడల్లా, పెద్దయ్యాక కూడా, మా అత్తమ్మ వంటింట్లో గోడకు తగిలించిన కత్తిపీటలూ, గూట్లో చాకులూ కళ్ళతో వెతికేదాన్ని. ఆయన నా పెళ్ళికి ఇత్తడి బిందె తెస్తే, దాని అడుగు తిప్పి సొట్ట ఉందేమో చూశాను. సొట్ట ఉంది. ఈమధ్య దాకా ఆయన పలకరిస్తే అవునూ కాదూ తప్ప మూడో మాట మాట్లాడలేదు. మొండిదాన్నంటారు మా వాళ్ళు. ఇరవై ఏళ్ళుగా మా వీధి మురుగుకాల్వ మీద అర్జీలు పెడుతున్న మనిషిని. మొండితనం లేకపోతే ఏదీ తేలదని నాకు అనుభవమే.

ఇక మిర్యాలగూడ వంటింట్లో, బత్తాయి కోయకుండా చాకు పట్టుకుని కూర్చున్న నాకు పిన్ని చెప్పింది ఇది. ఆ ఆదివారం మధ్యాహ్నం, మగవాళ్ళు పడుకున్నాక, మా అమ్మ గోడవతల నుంచి పిలిచి గోనెసంచి అందించిందట. "గిది మాకు పడదమ్మా, నోరంత దురద. మీరు తింటరు గద" అందట. పిన్ని సంచి విప్పితే కంద, దాని పక్కనే మడిచిన చాకు. సాయంత్రానికే పిన్ని కంద బచ్చలి వండేసింది. మర్నాడు పొద్దున్నే చాకు తిరిగి ఇవ్వబోయింది.

"మీ అమ్మ పుచ్చుకోలేదే" అంది పిన్ని. "అప్పటికే మీ నాన్న బుట్టలన్నీ బోర్లించి వెతికారట. ఇప్పుడిది బయట పెడితే, మా కోదాడ అన్నయ్య ప్రేమతో మోసుకొచ్చింది అరపూట కూడా ఉంచకుండా ఎవరికో ఇచ్చానని తెలుస్తది, నన్ను బతకనియ్యరు, మీరే ఉంచుకోండి అంది. చేతులు పట్టుకుంది. నేనేం చెయ్యను?"

"చాకు పోగొట్టిన్నని మా ఇంట్ల నన్నే అన్నరు. మమ్మల్ని ఒక్కసారన్నా అడగాలనిపించలేదా?"

"నిన్నన్నారని నాకేం తెలుసు తల్లీ. చాకు పోయిందంటే పోయిందనుకున్నారనుకున్నా."

నేను వెంటనే నమ్మలేదు. చెబుతున్నది ఎనభై దాటిన మనిషి; చెప్పినదాన్ని కాదనడానికి మా అమ్మ లేదు, ఆమె పోయి చాలాకాలమైంది. చాకు సంచిలో దొరికిందని గమ్మున వాడుకుని, ఇప్పుడు పట్టుబడేసరికి చచ్చిపోయిన మనిషి మీద తోసెయ్యడం ఎంతసేపు? ఆ మాట పైకి అనలేదు గానీ నా మొహంలో కనిపించి ఉంటుంది. చాకును పాత పేపరులో చుట్టి నా సంచిలో పెట్టుకుంటుంటే ఆమె బెంగగా చూసింది. "అది లేకపోతే నాకు చెయ్యాడదు సుగుణా. మీ వాళ్ళకు చూపించుకుని మళ్ళీ తెచ్చిస్తావా" అంది. తర్వాత రెండుసార్లు ఫోన్ కూడా చేసింది. నేను ఎత్తలేదు. నిజానికి నాయిన దగ్గర ఆ చాకు ఉన్నది పదిహేనేళ్ళు. ఆమె చేతిలో ఉన్నది అంతకు మూడింతలు. న్యాయం ఎటుందో తేలేదాకా వస్తువు నా దగ్గరే ఉండాలి.

సూర్యాపేట బస్సు వదిలేసి కోదాడ బస్సెక్కాను. గరిడేపల్లి దాటాక రెండు పక్కలా కోతలైన వరిమళ్ళు. ఒళ్ళో సంచి, సంచిలో చాకు. ఇప్పుడు జేబులో చాకు పెట్టుకు తిరిగే మగవాణ్ణి ఎక్కడా చూడం. పెట్టుకున్నా వాణ్ణి అనుమానంగా చూస్తాం. అన్నీ కోసినవే దొరుకుతున్నాయి, విప్పినవే దొరుకుతున్నాయి. మా ఇంటి పక్క సూపర్‌మార్కెట్లో కందగడ్డల మీద స్వీట్ పొటాటో అని చీటీ అంటించి ఉంటుంది. కోదాడలోనూ అదే చీటీ. మా మనవరాలు వాటిని స్వీట్ పొటాటో అనే పిలుస్తుంది. ఆ పేరు మీద దానికి ఎవరితోనూ తగువు రాదు. నిజమే, ఆ పేరుతో ఏ పిల్లా తప్పుడు బుట్టలో వెతకదు. ఒక చీటీ ముందే అంటించి ఉంటే నా బాల్యం మరోలా గడిచేది. అయినా ఆ చీటీ చూసినప్పుడల్లా, ఇద్దరు పెద్దమనుషులు ఒక గడ్డ పేరుకోసం అన్నాలు చల్లార్చుకుంటూ నవ్వుకోవడం ఇకమీదట ఎవరూ చూడరు కదా అని కూడా అనిపిస్తుంది. ఈ రెండింట్లో ఏది ఎక్కువ నష్టమో నాకు తేలలేదు.

మామ కొడుకింట్లో వరండాలో మడతకుర్చీలో ఉన్నాడు. తొంభైకి దగ్గరపడ్డాడు. చెవులు మందగించాయి, మతి మాత్రం చెక్కుచెదరలేదు. నేను ఏ పలకరింపూ లేకుండా పేపరు విప్పి చాకు ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి, అక్షరం మీద వేలు పెట్టాడు.

"ఆ పక్కింటావిడ దగ్గరుందా" అన్నాడు.

పిన్ని పేరు నేనింకా ఎత్తలేదు. "నీకెట్ల తెలుసు మామా?"

"ఆ సాయంత్రం మీ ఇంట్లోంచి బయటకొస్తే పక్కింట్లోంచి కంద బచ్చలి వాసన. మీ వీధి మొత్తంలో కంద బచ్చలి వండేవాళ్ళెవరు? ఆవిడకి ఇచ్చిందేమోలే, పోనీలే అనుకున్నా. చాకు సంగతి అప్పుడు తోచలేదు. నెల తర్వాత మీ నాన్న అడిగాడు చూడు, అప్పుడు మీ అమ్మ మొహం చూశా. అర్థమైపోయింది."

"అర్థమయ్యి నా చేతికిచ్చిన్నన్నవ్."

"మరేం చెయ్యమంటావమ్మా. మీ నాన్న కోపం తెలుసుగా. నేను తెచ్చింది పారేసిందని తెలిస్తే ఆ పూట అన్నం పళ్ళేలు ఎగిరేవి. ఆడకూతురు, నా ముందు మాట పడకూడదని..."

"మరి నేను ఆడకూతుర్ని కానా?"

ఆయన నా వైపు చూశాడు. ఆ కళ్ళలో దొంగతనం ఉందేమోనని చివరిసారిగా వెతికాను. ముసలితనం తప్ప ఏమీ కనిపించలేదు.

"నువ్వు పసిదానివి. వారం తిరిగితే మర్చిపోతావనుకున్నా" అన్నాడు.

"మర్చిపోలే."

"తెలుస్తూనే ఉంది. నీ పెళ్ళిలో బిందె తిరగేసినప్పుడే తెలిసింది."

నేను నవ్వలేదు. నన్ను నలుగురి ముందు అన్నారు కాబట్టి నలుగురి ముందే దిద్దాలన్నాను. ఇంట్లో అందరూ వినేటట్టు చెప్పమన్నాను. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని కొంచెం ముందుకు జరిగి, చెవుడున్నవాళ్ళు మాట్లాడే గొంతుతో, "చాకు పిల్ల చేతికివ్వలేదు. కంద దగ్గర పెట్టా. పిల్ల నిజమే చెప్పింది" అన్నాడు. గోడమీద బల్లి కదిలింది. వినాల్సిన మనిషి, మా నాయిన, ఎనిమిదేళ్ళ కిందటే పోయాడు.

లోపలినుంచి ఆయన కోడలు టవలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కందా? ఇప్పుడు కంద ఏం చేసుకుంటారు మామయ్యా, మీకు పడదుగా" అంది. తర్వాత ఒళ్ళో చాకును చూసి, "ఇదేంటొదినా" అని నన్నడిగింది.

ఆమెను కూర్చోమన్నాను. బస్సు సంగతి పక్కన పెట్టి మొదటినుంచి చెప్పాను. గట్టు జాతర, ఆదివారాలు, దుంపలు, గడ్డలు, ఏనుగు పాదమంత కంద, నా చప్పట్లు, కంద అన్న మాటను నేను మార్చి చెప్పడం. ఆమె శ్రద్ధగానే వింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా. బుట్ట బోర్లించిన చోట, "అయ్యో, మీరు తప్పు బుట్టలో వెతికారన్నమాట" అంది. అవునన్నాను. ఇన్నేళ్ళకు ఒక మనిషి నోటి నుంచి ఆ మాట విన్నాను.

"మరి కంద సంచి ఏమైంది వదినా? అందులో ఉండాలిగా చాకు. ఎవరు తీశారు?"

మామ తల ఎత్తలేదు. చాకు మడత మీద బొటనవేలు మెల్లగా రుద్దుతున్నాడు. నేను చెప్పడానికే వచ్చాను. మా అమ్మ పేరు నా నాలుక చివర ఉంది. గుమ్మంలో గిన్నెతో నిలబడ్డ ఆమె మొహం కూడా, నాకిప్పుడున్న వయసులో సగం కూడా లేని మొహం, కళ్ళ ముందుంది.

"ఏమో. ఎటు పోయిందో ఎవలకు ఎరుక" అన్నాను.